దూరము నెరిగిన కెమెరా



నేటి నా ప్రసంగమునకు విషయము అరచేత నిముడు ఒక చిన్న యంత్రము. దానిని రేంజ్‌ఫైండరు కెమెరా యందురు. మనము దూరమాపక కెమెరా యనవచ్చును. ఎదుటి వస్తువు ఎంత దూరమున నున్నదో తనలోని యద్దములచేత కొలిచి, ఆ కొలతకు తగినట్లు కటకమును నిలుపుటకు సాయపడు కెమెరా యిది. ఫిల్ము చుట్టలతో చిత్రములు తీసిన కాలమున ఇది లోకమంతట సంచరించినది. మీలో కొందరి యిండ్ల అటకల మీదనో, భోషాణముల యడుగుననో, తోలుసంచిలో ముడుగుకొని ఇట్టిది ఒకటి నేటికిని ఉండవచ్చును.

చరిత్ర యనగా రాజులదియు యుద్ధములదియు మాత్రమే యని తలపరాదు. పనిముట్లకును చరిత్ర కలదు. మగ్గముల నడుమ పుట్టి పెరిగిన వేటపాలెము వారికి ఈ మాట నేను విస్తరించి చెప్పనక్కరలేదు. మగ్గము ఎంత మంచిదైనను, అల్లె తెగినపుడు కట్టుటయు, నాడె అరిగినపుడు మార్చుటయు తెలిసినవాడు ఉన్నంతవరకే అది మగ్గము. ఆ తరువాత కట్టెలమోపు. ఈ కెమెరాల కథయు అట్టిదే. వీనిని చేసిన కర్మాగారములు కొన్ని యుద్ధమున కూలినవి, కొన్ని మూతపడినవి. యంత్రములు మాత్రము విప్పి సరిచేయుటకు వీలుగ నిర్మింపబడినవి గనుక తొంబదియేండ్లు గడచినను పనిచేయుచున్నవి. విప్పుట తెలిసిన చేయి కరవైననాడు ఇవియు కరవగును. ఆ చేయి యేమి చేయునో తెలియవలె నన్నచో, ముందు ఈ యంత్రము ఎట్లు పుట్టెనో తెలియవలయును.

ఛాయాచిత్రకళ 1839 వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున దాగెర్ అనువాని పద్ధతి ప్రకటింపబడుటతో లోకమునకు వెల్లడియైనది. ఆనాటి కెమెరాలు పెద్ద కొయ్యపెట్టెలు. ముక్కాలిపీటపై నిలిపి, వెనుకనున్న గరుకుటద్దము మీద తలక్రిందులుగ పడు బొమ్మను నల్లని గుడ్డ కప్పుకొని చూచి, స్పష్టమగువరకు కటకమును జరిపెడివారు. పిమ్మట మందు పూసిన గాజుపలకను లోపల నుంచి చిత్రమును పట్టెడివారు. తెలుగునేల మీద ఆ కళను మెరయించిన మహనీయుడు రాజా దీనదయాళు. ఆయన 1844 లో మీరటు చెంత సర్ధనలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున చిత్రశాల నడపి, 1905 లో దివంగతుడయ్యెను. ఆ చిత్రములలోని కోటలను దర్బారులను చూచినపుడు, అందరును శిలాప్రతిమలవలె నిలిచి యుండుట గమనింపుడు. ఆ పెద్దపెట్టె ముందు అట్లు నిలువక తప్పదు. వీధిలో నడచు బాటసారిని, నాడె విసరు నేతగాని చేతిని పట్టుట దానికి దుస్సాధ్యము.

1888 లో అమెరికాలోని ఈస్ట్‌మన్ అను నాతడు చుట్టఫిల్ముతో పనిచేయు కొడాక్ అను చేతిపెట్టెను విక్రయింపసాగెను. కెమెరా చేతికి వచ్చినది గాని, గరుకుటద్దము పోయినది. స్పష్టత కుదిరినదో లేదో చూచుకొను మార్గము మూతపడినది. దూరమును అడుగులతో కొలిచియో, కంటితో ఉజ్జాయింపుగ ఎంచియో కటకమును నిలుపవలసి వచ్చినది. మధ్యాహ్నపు టెండలో, దూరపు దృశ్యములకు ఆ యూహ చాలును. మసకవెలుతురున దగ్గరి మనుష్యుని తీయునపుడు జానెడు తేడా వచ్చినను కన్నులు చెదరి చెవులు స్పష్టమగును. ఇందుచేతనే కెమెరాకు దూరము నెరుగు విద్య కావలసివచ్చినది.

ఆ విద్య క్రొత్తది కాదు. వినుచున్నవారు ఈ క్షణముననే పరీక్షింపవచ్చును. మీ వ్రేలిని ముఖమునకు ఎదురుగ నిలిపి, ఒక కన్ను మూసి చూడుడు. పిదప రెండవ కన్ను మూసి చూడుడు. వ్రేలు ప్రక్కకు జరిగినట్లు తోచును. వ్రేలిని దూరముగ జరిపినకొలది ఆ జరుగుట తగ్గును. రెండు చూపుల నడిమి యెడమును, ఆ చూపులు కలియు కోణమును తెలిసినచో దూరము తెలియును. కొలిచినదానినుండి కొలువరానిదానిని రాబట్టుట మన పెద్దలకు ప్రియమైన గణితమే. కమ్మనాటి పావులూరిని ఇంటిపేరున ధరించిన పావులూరి మల్లన, జైనగణితవేత్త యగు మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు చేసెను గదా. ఆ మూలగ్రంథమున ఛాయావ్యవహార మను ప్రకరణము నీడను బట్టి ఎత్తులను కనుగొనుటను బోధించును. 1802 లో విలియం లాంబ్టన్ అను సైనికాధికారి చెన్నపట్టణము చెంత పరంగిమల దాపున సుమారు 7½ మైళ్ల ఆధారరేఖను గొలుసుతో కొలిచి, అచటినుండి త్రికోణములు పేర్చుకొనుచు దేశమును కొలువ నారంభించెను. పొలములను కొండలను కొలిచిన ఆ త్రికోణమే వందయేండ్లు దాటిన పిదప అంగుళమున్నర కొలతకు కుదించుకొని కెమెరా నెత్తిమీదికి చేరినది.

అది యెట్లు పనిచేయునో చెప్పెదను. కెమెరా ముందుభాగమున రెండు చిన్న కిటికీలుండును. ఒక కిటికీ వెనుక, సగము వెలుతురును పోనిచ్చి సగము మరలించు పలుచని యద్దముండును. రెండవదాని వెనుక కదలెడి యద్దముండును. ఈ రెండవ యద్దము తన బొమ్మను మొదటిదాని మీదికి పంపును. కనుక చూచువానికి ఎదుటి మనుష్యుడు ఇద్దరుగ గనబడును. కటకమును త్రిప్పినకొలది కదలెడి యద్దము తిరుగును. రెండు బొమ్మలు చేరువగును. తుదకు ఒకటి మీద నొకటి సరిగా గూర్చుండును. ఆ క్షణమున దూరము కుదిరినదని యర్థము.

చీరాల తేలియా రుమాలు నెరిగినవారికి ఇది సులభముగ బోధపడును. ఆ నేతలో పడుగును పేకను ముందే వేరువేరుగ ముడులు గట్టి రంగులలో ముంతురు. మగ్గము మీద పేకలోని పువ్వు పడుగులోని పువ్వు మీదికి సరిగా వచ్చిననే గళ్ల బొమ్మ నిలుచును. నూలువాసి తప్పినను అంచులు చెదరును. నేతగాని కన్ను అచట చేయు పనినే ఈ కెమెరాలో మన కన్ను చేయుచున్నది.

ఇందు పంగ్వంధన్యాయము కూడ కలదు. కిటికీ చూచును గాని చిత్రమును తీయలేదు. కటకము చిత్రమును తీయును గాని దానిగుండ మనము చూడము. గ్రుడ్డివాని భుజముపై కుంటివాడెక్కి త్రోవ చెప్పినట్లు, కటకము వెనుకనానియుండు చిన్న లోహపు చేయి యొకటి రెంటిని జతపరచును. ఆ చేయి వెండ్రుకవాసి వంగెనా, కిటికీలో బొమ్మలు కలిసినను ఫిల్ముపై చిత్రము మసకబారును.

కటకముతో జతపడిన దూరమాపకము తొలుత 1916 లో కొడాక్ వారి మడత కెమెరా యొకదానిపై వెలసినది. కాని దానికి లోకప్రచారము కలిగించిన కీర్తి జర్మనీ దేశపు వెట్జ్‌లర్ పట్టణమునకు చెందును. అచట ఎర్నెస్ట్ లైట్జ్ వారి సూక్ష్మదర్శిని కర్మాగారమున ఆస్కార్ బర్నాక్ అను పనిమంతుడుండెను. ఆయన 1914 నాటికే సినీమా ఫిల్మును అడ్డముగ నడిపి 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు గల చిత్రములు తీయు చిన్న కెమెరాను తయారుచేసెను. నడుమ మహాయుద్ధము వచ్చి పని నిలిచినది. 1925 లో లైప్‌జిగ్ సంతలో అది లైకా యను పేర లోకమున కనబడినది. లైట్జ్ కెమెరా యను రెండు మాటల మొదళ్లే ఆ పేరు. దానిలో దూరమాపకము లేదు. వేరుగ అమ్మెడి మాపకముతో దూరము చూచి, ఆ యంకెను చేతితో కటకము మీద నిలుపవలసియుండెను. 1932 లో వచ్చిన రెండవ లైకాలో మాపకము కటకముతో జతపడినది. ఆ యేటనే డ్రెస్‌డెన్ నుండి జైస్ ఐకాన్ వారి కాంటాక్సు పోటీకి దిగినది. 1936 నాటి రెండవ కాంటాక్సులో దృశ్యమును చూచు కిటికీయు దూరమును కొలుచు కిటికీయు ఒక్కటిగ చేయబడినవి. లైకా ఆ సౌకర్యమును 1954 లో ఎం3 అను నమూనాతో గాని అందుకొనలేదు.

సూక్ష్మత యెంతటిదో గమనింపుడు. రెండవ లైకాలో కిటికీల నడిమి యెడము సుమారు 4 సెంటీమీటర్లు. 4 మీటర్ల దూరమున నున్న మనుష్యుని చూచునపుడు రెండు చూపుల నడిమి కోణము అర డిగ్రీ కంటె కొంచె మెక్కువ. 8 మీటర్ల దూరమున అందులో సగము. అద్దము తిరుగవలసినది అందులోను సగమే. ఇంతటి స్వల్పచలనమును చేతి యొరపిడికి చెడకుండ ఏండ్లతరబడి నిలుపగలిగిన పనితనమునకు నమస్కరింప వలసినదే.

ఇక దీని వలన చరిత్రకు కలిగిన లాభమేమి? ఈ కెమెరా చిన్నది, చప్పుడు తక్కువ, మసకవెలుతురున కూడ దూరమును చూపగలది. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్తియే బ్రెసాన్ లైకాను చేతబట్టి మన దేశమునకు వచ్చి, 1948 జనవరి 30 వ తేదీన గాంధీ మహాత్ముని ఢిల్లీలో కలిసికొనెను. ఆయన సెలవు పుచ్చుకొనిన కొద్దిసేపటికే మహాత్ముడు హత్యకు గురియయ్యెను. బిర్లా భవనపు ద్వారము కడ నెహ్రూ పండితుడు ఆ వార్తను జనసమూహమునకు చెప్పుచున్న చిత్రము మనకు మిగిలినది. అందు వెలుతురు చాలదు, అంచులు మసకలు. అయినను దుఃఖము స్పష్టముగ నున్నది. 1950 ఏప్రిల్ 14 వ తేదీన భగవాన్ రమణమహర్షి నిర్యాణము పొందిన దినమున కూడ ఆతడు అరుణాచలముననే యుండెను. సూరి నాగమ్మగారి లేఖలు మన తెలుగింటివారికి మహర్షి వాక్కులను వినిపించినట్లే, అట్టి చిత్రములు ఆ కడపటి దినములను కన్నులకు కట్టించుచున్నవి.

ఉపాధ్యాయవృత్తిలో నున్నవాడనగుట చేత నాకు మిక్కిలి ప్రియమైన భాగము వేరొకటి కలదు. సోవియట్ దేశమున ఖార్కోవు చెంత, ఇల్లు వాకిలి లేని బాలబాలికలకై, మకరెంకో యను విద్యావేత్త నడిపిన ద్జెర్జిన్‌స్కీ కమ్యూను ఉండెను. ఆ పిల్లలు తొలుత విద్యుత్తుతో తిరుగు బరమాలు చేసిరి; పిదప లైకాను చూచి, అటువంటి కెమెరాను చేయబూనిరి. 1934 నుండి ఆ కెమెరాలు వరుసగ వెలువడినవి. ద్జెర్జిన్‌స్కీ పూర్తిపేరులోని మూడు పొడియక్షరములే ఫెడ్ అను దాని పేరు. వీధుల పాలైన పిల్లలు వెండ్రుకవాసి తప్పని యంత్రమును చేసిరనగా, చదువునకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలయును? యుద్ధానంతరము జర్మనీ నుండి తరలించిన కాంటాక్సు పనిముట్లతో 1947 నుండి కీవు నగరమున కీవ్ కెమెరాలు, 1948 నుండి క్రాస్నోగార్స్కున జోర్కి కెమెరాలు వచ్చినవి. జపానున 1936 లో కానన్, 1948 లో నికాన్ తమ తొలి కెమెరాలను ఈ పద్ధతిలోనే చేసినవి.

మన దేశము కూడ చేయి చాచకపోలేదు. ఉదకమండలమున హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ 1960 లో నెలకొల్పబడి, 1967 నుండి ఇందు అను పేర ఫిల్ములు చేసినది. వెన్నెలను తలపించు ఆ పేరు వెండిలవణముల పూతకు ఎంతయో తగియున్నది. ఆ సంస్థ నేడు లేదు.

దూరమాపక కెమెరాలు ఏల వెనుకబడెనో కూడ చెప్పవలయును. 1959 లో వచ్చిన నికాన్ ఎఫ్ మొదలగు ప్రతిబింబ కెమెరాలలో చిత్రము తీయు కటకము గుండనే చూడవచ్చును. దూరపు పక్షిని దగ్గరకు తెచ్చు పొడవాటి కటకములకు అరచేతిలోని కొద్దిపాటి ఆధారరేఖ చాలదు. వానికి ప్రతిబింబ కెమెరాయే శరణ్యము. పిదప ఫిల్ము అక్కరలేని కాలము వచ్చినది. అయినను లైకా కర్మాగారము ఫిల్ముతో పనిచేయు దూరమాపక కెమెరాలను నేటికిని కొద్దికొద్దిగ చేయుచునే యున్నది. వాని వెల సామాన్యులకు అందదు. మనబోంట్లకు పాతవానిని కాపాడుకొనుటయే మార్గము.

కాపాడుట యెట్లు? ఇచట మరల నేతపని తలపునకు వచ్చును. లైకా, ఫెడ్, జోర్కి కెమెరాలలో ఫిల్ము ముందు పరుగిడు తెర రబ్బరు పూసిన గుడ్డ. కాంటాక్సు, కీవ్ కెమెరాలలో లోహపు బద్దలు, వానిని పట్టియుంచు నాడాలు. ఆ నాడాలు చీకినచో లోహపు బద్దలు కూలును. క్రొత్త నాడాలు కుట్టినచో మరల లేచును. గుడ్డతెరకు మొదటి శత్రువు ఎండ. మూతలేని కటకమును సూర్యునివైపు పెట్టి విడిచినచో అది సూర్యకాంతమణియై తెరను కాల్చి రంధ్రము చేయును. ఆ రంధ్రము ప్రతిచిత్రముపైనను తెల్లని చుక్కగ కనబడును. కనుక మూత తప్పనిసరి.

రెండవ శత్రువు మన సముద్రపుగాలి. ఆశ్వయుజ కార్తికముల వాయుగుండపు తేమలో తోలుసంచిలో నుంచిన కటకమునకు బూజు పట్టును. సాలెగూటివలె వ్యాపించి, అది విడుచు ఆమ్లము గాజును తినివేయును. తోలు తేమను పీల్చి నిలుపుకొనును గనుక, కెమెరాను సంచినుండి తీసి, తేమను పీల్చు సిలికా గుళికలతో గట్టిమూత గల డబ్బాలో నుంచవలయును. నెలకొకమారు తీసి తెరను పలుమార్లు ఆడింపవలయును. దాచునపుడు తెరను ఎక్కుపెట్టి ఉంచరాదు. ఫెడ్, జోర్కి కెమెరాలలో తెరను ఎక్కుపెట్టిన తరువాతనే వేగపు చక్రమును త్రిప్పవలయును. కటకమును ఉత్తరీయపు చెరగుతో తుడువరాదు. ఇసుకరేణువు గీతలు పెట్టును. మాపకపు పలుచని యద్దమును వ్రేలితో తాకనేరాదు. దాని పూత ఊడినచో రెండవ బొమ్మ కనబడదు.

మాపకము సరిగ నున్నదా యని చూచుటకు చంద్రుడు చాలును. కటకమును అనంతదూరపు గుర్తుకడ నిలిపి చంద్రుని చూడుడు. ఒక్క చంద్రుడు కనబడినచో మేలు. ఇద్దరు కనబడినచో పనివానికి చూపవలయును. అచట జాగ్రత్త యవసరము. నాయొద్దనున్న ఫెడ్ కెమెరా కటకము బిగిసినపుడు ఒక పట్టణమున ఒకడు చమురు బొట్లు వేసి వదులు చేసెను. ఆ చమురు ఎండకు కరిగి లోపలి రెక్కలపై ప్రాకినది. ఎండిన కొవ్వును పూర్తిగ కడిగి క్రొత్తది పూయుటయే సరియైన పద్ధతి. పై నుండి చమురు వేయుట రోగమును దాచుటయే.

కొనువారికి మరియొక మాట. బంగారుపూతతో, జర్మను సైన్యపు ముద్రలతో లైకా యని చెప్పి అమ్మజూపునవి పలుమారు ఫెడ్, జోర్కి కెమెరాలకు వేషము వేసినవి. కటకమును విప్పి లోపలి చిన్నచేయిని చూడుడు. లైకాలో దాని కొన గుండ్రని చక్రము. ఫెడ్, జోర్కి కెమెరాలలో చక్రముండదు, ముక్కువంటి లోహపు మొన యుండును. వేషము పైననే గాని లోపల సాగదు.

ఇక చిత్రముల మాట. ఎరుపును గ్రహింపజాలని పాతకాలపు ఫిల్ముపై మన మిరప కల్లము బొగ్గులకుప్పవలె కనబడును. అది చూచిన నేటి బాలుడు బొగ్గేయని వ్రాసికొనవచ్చును. చిత్రము తానై అబద్ధమాడదు. చెప్పువాడు లేనిచో నిజమును చెప్పజాలదు. మన వేటపాలెమున 1918 లో వెలసిన సారస్వత నికేతనమునకు 1929 లో గాంధీ మహాత్ముడు భవన శంకుస్థాపన చేసెను. జనసమ్మర్దమున విరిగిన ఆయన చేతికఱ్ఱ నచట భద్రపరచిరి. ఆ కఱ్ఱ ఎవరిదో, ఎప్పుడు విరిగెనో చెప్పిన పెద్దలుండబట్టి అది చరిత్ర; లేనిచో కట్టెముక్క. పాతపత్రికల సంపుటములు కూడ అట్లే తేదీలతో నిలువబట్టి దేశమంతట నుండి పరిశోధకులు వెదకికొనుచు వచ్చుచున్నారు. మన యిండ్లలోని ఫిల్ముముక్కలకు మాత్రము పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు.

కావున పెద్దలారా, నా మనవి చిన్నది. అటకమీది కెమెరాను దింపి, గాలి తగులనిచ్చి, తెర కదలునో లేదో చూడుడు. కదలనిచో పారవేయక, చేతిగడియారములు బాగుచేయు నేర్పుగల పిల్లవానికి చూపుడు; చెడిపోయిన కెమెరా యొకటి వానికి విప్పి నేర్చుకొనుటకు ఇండు. ఫిల్ములను డబ్బాలనుండి తీసి, ఒకదానితో నొకటి అంటుకొనకుండ పొడికాగితముల మడతలలో నుంచుడు. చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో ఎవరు, ఎచట, ఏ యేడు అను మూడు మాటలు వ్రాయుడు. ఆ మూడును తెలిసినవారు నేడు మీరే. మీ తరువాత ఆ ముఖములను గుర్తించువారుండరు. దూరమును కొలుచుటకు యంత్రమున్నది గాని, కాలమును దాటించుటకు మీ చేవ్రాతయే సాధనము. ఈ కార్తికము తేమ రాకమునుపే ఆ పని మొదలుపెట్టుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.